కణభౌతిక పరిశోధనలో దత్తాంశ నిధి: దాచుట, పంచుకొనుట

జెనీవా నగర శివారున, స్విట్జర్లాండు, ఫ్రాన్సు దేశాల సరిహద్దుకు ఇరువైపులా, భూమికి సుమారు 100 మీటర్ల లోతున, 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల సొరంగమొకటి ఉన్నది. 1954లో స్థాపితమైన ఐరోపా అణు పరిశోధనా సంస్థ, అనగా సెర్న్, అందులో లార్జ్ హాడ్రాన్ కొలైడర్ అనే మహాయంత్రాన్ని నెలకొల్పినది. 2008 సెప్టెంబరు 10న అందులో ప్రోటాన్లు తొలిసారి చుట్టి వచ్చాయి. 2012 జూలై 4న హిగ్స్ కణం కనుగొనబడిన వార్త వెలువడినది. ఈ సంగతులు పత్రికలు చదివే విద్యార్థులకు కొత్త కావు. ఆ యంత్రం నుండి వెలువడిన అంకెలను ఎక్కడ దాచారు, ఎవరు కాపాడుతున్నారు అనే విషయం మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు. నిజానికి ఆ ఏర్పాటే లేకున్నచో హిగ్స్ కణం సొరంగంలోనే ఉండిపోయేది.

మొదట పరిమాణం సంగతి చూద్దాం. యంత్రంలో ప్రోటాన్ల గుంపులు సెకనుకు 4 కోట్ల సార్లు ఎదురుపడతాయి. ఒక్కొక్క ఘటనను నమోదు చేయడానికి సుమారు ఒక మెగాబైటు చోటు కావాలనుకుంటే, సెకనుకు 4 కోట్ల మెగాబైట్లు దాచవలసి ఉంటుంది. అది ఏ ప్రభుత్వానికీ సాధ్యమయ్యే పని కాదు. కనుక ట్రిగ్గర్ అనే వడపోత ఏర్పాటు ఒకటి ఉన్నది. అది కొన్ని మైక్రోసెకండ్లలో తొలి నిర్ణయం చేస్తుంది. తరువాత వేలాది కంప్యూటర్లు మరల జల్లెడ పట్టి, అట్లాస్, సి.ఎం.ఎస్. వంటి ప్రయోగాలలో సెకనుకు కొన్ని వేల ఘటనలను మాత్రమే మిగులుస్తాయి. పారవేసినది మరల రాదు. ఇంతగా వడగట్టిన తరువాత కూడా ఏటా పోగయ్యేది పెటాబైట్లలోనే ఉంటుంది. ఒక పెటాబైటు అనగా పది లక్షల గిగాబైట్లు.

ఇంత దత్తాంశాన్ని జెనీవాలోనే ఒక గొప్ప భవనం కట్టి ఎందుకు దాచరాదు? ధనం ఒక కారణం. సెర్న్ తన బడ్జెటుతో ఆ భారమంతా మోయలేదు. పైగా సభ్యదేశాలు తమ ధనాన్ని తమ విశ్వవిద్యాలయాలలోని యంత్రాలపై, తమ యువకుల శిక్షణపై ఖర్చు చేయడానికే ఇష్టపడతాయి. ఒకే చోట ఒకే ప్రతి ఉంచడంలోని అపాయం మరొక కారణం. మన తాళపత్ర గ్రంథాలలో నాలుగు ఊళ్లలో నకళ్లు వ్రాసి ఉంచినవాటికే బ్రతికే అవకాశం ఎక్కువగా ఉండేది. ఈ విషయంలో అయస్కాంత టేపు తాటాకు కంటె గొప్పది కాదు.

అందువలన 2001లో సెర్న్ పాలకమండలి ఒక గ్రిడ్ నిర్మాణానికి అనుమతించినది. మీట నొక్కినవారికి కరెంటు ఏ కేంద్రం నుండి వచ్చినదో తెలియనవసరం లేనట్లే, పరిశోధకునికి తన లెక్క ఏ దేశపు కంప్యూటర్ చేసినదో తెలియనవసరం లేదని ఆ పేరులోని భావం. జెనీవాలోనిది సున్నా అంతస్తు. పది పన్నెండు దేశాలలోని పెద్ద కేంద్రాలు మొదటి అంతస్తు. విశ్వవిద్యాలయాలు, పరిశోధనాలయాలు రెండవది. మొత్తం 40కి పైగా దేశాలలో సుమారు 170 కేంద్రాలు ఇందులో ఉన్నాయి. మన దేశంలో ముంబయిలోని టాటా మౌలిక పరిశోధనా సంస్థ సి.ఎం.ఎస్. ప్రయోగానికి, కలకత్తాలోని వేరియబుల్ ఎనర్జీ సైక్లోట్రాన్ కేంద్రం ఆలిస్ ప్రయోగానికి రెండవ అంతస్తు కేంద్రాలుగా పనిచేస్తున్నాయి. గ్రిడ్ పనితీరును కనిపెట్టి చూసే సాఫ్ట్‌వేర్ రచనలో భాభా అణు పరిశోధనా కేంద్రపు ఇంజనీర్లకు భాగమున్నది. సెర్న్‌లో పాకిస్తాన్ 2015లోను, భారతదేశం 2017లోను సహసభ్యత్వం పొందాయి.

దాచే పద్ధతి గమనింపదగినది. యంత్రం నుండి వచ్చిన మూల దత్తాంశపు ఒక ప్రతి జెనీవాలో టేపులపై ఉంటుంది. రెండవ ప్రతిని మొదటి అంతస్తు కేంద్రాలు తలా కొంత పంచుకొంటాయి. మూలం నుండి లెక్కించి తీసిన ఫలితాలు పోయినా మరల లెక్కించవచ్చు గనుక వాటి విషయంలో ఇంత జాగ్రత్త అవసరం లేదు. టేపులు పాతకాలపు వస్తువులని నవ్వుకోనక్కరలేదు. ఊరక ఉన్నప్పుడు అవి విద్యుత్తును వాడవు, ధర తక్కువ. 2017 జూన్ నాటికే సెర్న్ టేపులపై 200 పెటాబైట్లు చేరాయి.

ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో చెప్పే పట్టిక లేకుంటే ఇదంతా వ్యర్థమే. అట్లాస్ శాస్త్రజ్ఞులు రూపొందించి, 2014 చివర నుండి వాడుతున్న సాఫ్ట్‌వేర్ పేరు రూసియో. డాన్ క్విక్సోట్ నవలలో సాంకో పాంజా ఎక్కి తిరిగే గాడిద పేరది. మోత మోసే పనికి తగిన పేరే. పరిశోధకుడు ఫైలును పేరుతో అడుగుతాడు, చోటుతో కాదు. ‘ఈ దత్తాంశానికి రెండు ప్రతులు, రెండు వేర్వేరు దేశాలలో, ఇన్ని నెలలు’ అని నియమం వ్రాస్తే చాలు, తక్కిన పని రూసియో చూసుకొంటుంది. ప్రతి ఫైలుకు ఒక తనిఖీ సంఖ్య ఉంటుంది. నకలులో ఒక్క అంకె చెడినా ఆ సంఖ్య సరిపోదు. అప్పుడు మంచి ప్రతి నుండి మరల తెప్పిస్తారు.

ఒక దేశపు విద్యార్థి మరొక దేశపు యంత్రాన్ని వాడుకోవడానికి అతని స్వదేశంలోని గుర్తింపు సంస్థ ఇచ్చిన ఎలక్ట్రానిక్ ధ్రువపత్రం సరిపోయేలా ఏర్పాటు చేశారు. ఉర్దూలోని ‘అమానత్’ అనే మాట దీనికి చక్కగా నప్పుతుంది: ఇతరుల సొత్తును మన ఇంట ఉంచుకొని కాపాడడం.

అయితే అంకెలను దాచినంత మాత్రాన విజ్ఞానం దాగినట్లు కాదు. పశ్చిమ జర్మనీలోని హాంబర్గులో 1979 నుండి 1986 వరకు జేడ్ అనే ప్రయోగం జరిగినది. పిమ్మట అందరూ దానిని మరచిరి. ప్రబల కేంద్రకబలం శక్తిని బట్టి ఎట్లా మారుతుందో తేల్చడానికి సంవత్సరాల తరువాత ఆ దత్తాంశమే కావలసి వచ్చినది, ఎందుకనగా అంతటి తక్కువ శక్తి వద్ద అటువంటి కొలతలను ఆ తరువాతి యంత్రాలు చేయలేదు. టేపులు దొరికాయి గాని, వాటిని చదివే ప్రోగ్రాములు నాటి కంప్యూటర్లకు వ్రాసినవి. కొన్ని ముఖ్యమైన అంకెలను పాత కాగితపు ముద్రణల నుండి మరల టైపు చేయవలసి వచ్చినది. ఎంతో శ్రమపడి వాటిని బ్రతికించి, విలువైన ఫలితాలు సాధించారు. నా దృష్టిలో ఇది సొరంగపు కథ కంటె గొప్ప కథ.

ఆ అనుభవం తెలిసినవారు గనుకనే సెర్న్‌లో దత్తాంశంతో పాటు ప్రోగ్రాములను, వివరణలను కూడా భద్రపరుస్తున్నారు. 2014 నవంబరులో కొంత దత్తాంశాన్ని ప్రజలందరికీ ఉచితంగా తెరచారు, 2016లో సి.ఎం.ఎస్. ఒక్కటే 300 టెరాబైట్లకు పైగా విడుదల చేసినది. 2020 డిసెంబరులో నాలుగు పెద్ద ప్రయోగాలూ, సేకరించిన సుమారు ఐదేళ్లకు దత్తాంశాన్ని బయటపెట్టడం మొదలుపెట్టాలని ఒప్పుకొన్నాయి. ఇంటర్నెట్టు సదుపాయం గల సాధారణ కంప్యూటరుతో మన బి.ఎస్సీ. విద్యార్థి సైతం ఆ ఫైళ్లలో కొన్నింటిని తెచ్చుకొని, జంటగా వెలువడిన మ్యూయాన్ల శక్తి, ద్రవ్యవేగాల నుండి జంట ద్రవ్యరాశిని లెక్కకట్టి గ్రాఫు గీయవచ్చు. ఆ గ్రాఫులో 91 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద లేచే శిఖరమే జడ్ బోసాన్.