లాలాజల గ్రంథిలో పెరుగు రాయి

చింతకాయ పచ్చడి నాలుకకు తగులగానే కొందరికి దవడక్రింద ఒక ప్రక్క వాపు లేచును. భోజనమైన గంట, రెండు గంటలలో అది దానంతట అదే తగ్గును. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయములో చదువుకొను యువకుడైనను, అశోక్‌నగర్ వసతిగృహములోని విద్యార్థి యైనను, నారాయణగూడ బడిలోని ఉపాధ్యాయుడైనను దీనిని పంటినొప్పియో, గవదబిళ్లలో అనుకొనుట సహజము. కాని భోజనముతో వచ్చి పోవు వాపునకు సాధారణముగా కారణము వేరు: లాలాజలము వచ్చు దారిలో రాయి అడ్డుపడినది.

మనకు మూడు జతల పెద్ద లాలాజల గ్రంథులు కలవు. రాళ్లలో నూటికి ఎనుబది వంతులు అధోజంభికా గ్రంథిలో, అనగా దవడక్రింది గ్రంథిలోనే పుట్టును. 1656లో థామస్ వార్టన్ అను ఆంగ్ల వైద్యుడు వర్ణించిన దీని నాళము సుమారు 5 సెంటీమీటర్ల పొడవుండి, క్రిందినుండి పైకెక్కి నాలుకక్రింద తెరుచుకొనును. రసము ఎదురెక్కవలెను, పైగా అది చిక్కనిది, కాల్షియము ఎక్కువ గలది. నిలిచిన రసములోని జిగురు, రాలిన కణములు బీజము కాగా, దానిచుట్టు కాల్షియం ఫాస్ఫేటు ఉల్లిపొరలవలె పేరుకొనును. బోరునీరు కాచిన గిన్నెకు పట్టు తెల్లని పొర ముఖ్యముగా కార్బనేటు. విద్యార్థులు ఈ భేదమును గమనింపవలెను. కఠినజలము త్రాగుటయే ఈ రాళ్లకు కారణమని నిరూపింపబడలేదు.

సాధారణముగా ఈ రాయి 10 మిల్లీమీటర్లకు మించదు. 15 దాటినచో భారీ రాయి అందురు; 35 దాటినవి బహు అరుదు. విచిత్రమేమన, చిన్న రాయి పెట్టు బాధ పెద్దది పెట్టకపోవచ్చును. రాయితోపాటు నాళమును సాగును, ప్రక్కసందులనుండి రసము కారుచుండును. అందుచే రోగి వైద్యుని చూడడు; రాయి ఏండ్ల తరబడి పెరిగి, చీము పట్టిననాడు బయటపడును.

వ్రేలితో తడిమినను, ఎక్స్‌రే తీసినను ఇది చాలవరకు తెలియును. శస్త్రచికిత్సకు పరిమాణముకన్న చోటు ముఖ్యము. నాళపు ముందుభాగమున నున్నదానిని, పెద్దదైనను, నోటిలోపలినుండియే నాళమును చీల్చి తీయుదురు. రాయి వెనుకకు జారకుండ ముందుగా ఒక కుట్టు బిగింతురు. వెనుకభాగమున నున్నచో చిక్కు ఎక్కువ. నాలుకకు స్పర్శనిచ్చు నాడి అక్కడ నాళము క్రిందుగా దాటును, దానిని తప్పింపవలెను. గ్రంథియే చెడినప్పుడు మెడమీద, దవడ అంచుకు రెండు వ్రేళ్ల క్రిందుగా కోసి దానిని తొలగింతురు. ఆ దూరమెందుకనగా, క్రిందిపెదవిని కదల్చు నాడి ఆ అంచు వెంబడి పోవును. అది తెగినచో నవ్వు వంకరపోవును.

1990 దశకమునుండి నాళములోనికి పోవు సన్నని దర్శిని వచ్చినది. చిన్న రాళ్లకు అది మేలు, భారీ రాయి అందుగుండా రాదు. రాయి తీసిన పిమ్మట చాలమందిలో గ్రంథి మరల రసమునిచ్చును. కొన్ని దినములు నీరు బాగుగా త్రాగి, నిమ్మబద్ద చప్పరింపుమని వైద్యులు చెప్పుదురు.