గుంటల్లో భిన్నాల గుణకారం

శామీర్‌పేట, మేడ్చల్ వైపు భూమి మాట వస్తే ఎకరాలు, గుంటలే. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. ఔటర్ రింగు రోడ్డు పడ్డాక, జీనోమ్ వ్యాలీ పెరిగాక బేరాలు గజాల్లోకి దిగాయి గానీ, అన్నదమ్ముల పంపకాల్లో ఇంకా గుంటల మాటే నడుస్తుంది. పిల్లలకు భిన్నాల గుణకారం చెప్పడానికి ఇంతకన్నా మంచి సామగ్రి నాకు తోచదు.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఈ పాఠం ఐదో తరగతిలోనే వస్తుంది, తెలంగాణలో ఏడో తరగతిలో. ఎక్కడ చదివినా సూత్రం ఒకటే: లవాన్ని లవంతో, హారాన్ని హారంతో గుణించు. అది ఒక్కపూటలో నోటికొస్తుంది. చిక్కంతా “గుణిస్తే పెరగాలి కదా, తగ్గిందేం?” అన్న దగ్గరే. ఆ ప్రశ్న అడిగిన పిల్లకు సూత్రాన్ని మళ్లీ అప్పజెప్పి ఊరుకోవడం అన్యాయం.

కాగితం మీద ఎకరం చేనును దీర్ఘచతురస్రంగా గీయండి. నిలువుగా నాలుగు సమభాగాలు చేసి మూడింటికి రంగు వేస్తే ముప్పావు ఎకరం, అంటే 30 గుంటలు. అందులో సగం తమ్ముడిది. చేను మొత్తానికీ అడ్డంగా, సరిగ్గా నడుమ ఒక గీత గీయండి. ఇప్పుడు ఎకరంలో ఎనిమిది ముక్కలు, తమ్ముడికి రంగు వేసినవి మూడు. 1/2 × 3/4 = 3/8. ముక్కకు 5 గుంటల చొప్పున 15 గుంటలు. రెండు దిక్కులా కోశాం కాబట్టి ముక్కలు 2 × 4 అయ్యాయి; హారాలను గుణించడమంటే అదే. తమ్ముడికి దక్కింది ముప్పావులోనూ ఒక భాగమే కనుక లెక్క తగ్గింది. అయితే ఈ 3/8 ఎకరంలో వాటా, ముప్పావులో వాటా కాదు. పిల్లలు తడబడేది ఇక్కడే. అందుకే రంగు వేయని నాలుగో భాగాన్ని బొమ్మలోంచి చెరపనివ్వకండి.

అదే ముప్పావులో మూడింట రెండు వంతులు అడిగితే 2/3 × 3/4. గుణించాక 6/12 తెచ్చి కుదించే బదులు ముందే అడ్డంగా కొట్టేస్తే సగం, 20 గుంటలు. ఈ కొట్టివేతను 9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో వజ్రాపవర్తనమని పేర్కొని, వీలున్నచోట దాన్ని ముగించాకే గుణించమన్నాడు. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన పిల్లలకు ఈ ఇద్దరి పేర్లూ తెలియాలని నా ఆశ.

మన పాత లెక్కలు నాలుగేసి భాగాలుగా సాగేవి. పావులో పావు వీసం, అంటే 1/16. వీసంలో పావు కాని, 1/64. రూపాయికి 16 అణాలు, అణాకు నాలుగు కానులు ఉన్న రోజుల్లో సంతకు వెళ్లినవాళ్లందరికీ ఈ గుణకారం అవసరమే. 1957లో దశాంశ నాణేలు వచ్చాక ఆ అలవాటు సడలింది. అమెరికాలో ఉన్నవాళ్లు ఇంట్లోని కొలత టేపు తీసి చూడండి: అంగుళంలో సగం, పావు, ఎనిమిదో వంతు, ఆ తర్వాత వీసం, అన్నీ వరసగా ఉంటాయి.

మిశ్రమ భిన్నాల దగ్గర బొమ్మ మరీ అవసరం. రెండున్నర గజాల పొడవు, ఒకటిన్నర గజాల వెడల్పు ఉన్న అరుగు వైశాల్యమెంత? చాలామంది పిల్లలు 2 × 1, 1/2 × 1/2 చేసి రెండుంపావు అంటారు. అరుగు గీస్తే వాళ్లు వదిలేసిన రెండు పట్టీలు కనిపిస్తాయి: ఒకటి 2 × 1/2, ఇంకొకటి 1/2 × 1. అవి కలిపితే మూడుంముప్పావు చదరపు గజాలు. 5/2 × 3/2 చేసినా 15/4, అంతే.

ఊళ్లో భూమి ఉన్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పట్టాదారు పాసుపుస్తకంలో 1.20 అని ఉంటే అది ఎకరం 20 గుంటలు, అంటే ఒకటిన్నర ఎకరం. దశాంశమనుకుని సగం చేస్తే 0.60 వస్తుంది, తప్పు. 3/2 × 1/2 = 3/4, అంటే 30 గుంటలు; పుస్తకంలో రాసేది 0.30. పాసుపుస్తకం నకలు ముందు పెట్టి ఈ లెక్కను పిల్లల చేతే కట్టించండి.