సిలికాన్ వేరు, సిలికోన్ వేరు

సిలికాన్, సిలికోన్ అన్న రెండు మాటలను తెలుగులో చాలామంది ఒకేలా పలుకుతారు. మొదటిది మూలకం. రాయదుర్గం, మాదాపూర్ ఆఫీసుల్లో డిజైన్ చేసే చిప్‌లకు ఆధారం అదే. రెండోది రబ్బరు. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు ఒకదాని తర్వాత ఒకటి గొలుసుకట్టుగా చేరి, పక్కల కర్బన సమూహాలు అతుక్కుంటే సిలికోన్ అవుతుంది.

పుట్టుచెవుడు పిల్లలకు అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్‌లో ఈ రెండూ ఉంటాయి. చిప్ గట్టి డబ్బాలో మూసి ఉంటుంది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారపు భాగంలోకి దూర్చే సన్నని తీగకు తొడుగు సిలికోనే. మిల్లీమీటరు మందం కూడా లేని ఆ తీగ మీద, ఒక రకంలో, 22 ప్లాటినం ఎలక్ట్రోడ్లు వరుసగా ఉంటాయి. సున్నితమైన ఆ మెలికల్లో గాయం చేయకుండా వంగాలంటే అంత మెత్తదనం కావాలి. ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్ ఉంది కనుక ఈ రబ్బరు మంచిచెడ్డలు పేదింటి పిల్లలకూ సంబంధించినవే.

సిలికాన్–ఆక్సిజన్ బంధం బలమైనది. ఒంట్లోని ఎంజైములు దాన్ని తేలిగ్గా తెంచలేవు. స్టెరిలైజ్ చేసే వేడికీ అది చెక్కుచెదరదు. అయినా శరీరం సిలికోన్‌ను పరాయిదిగానే గుర్తించి, చుట్టూ పలుచని పీచుపొర అల్లుతుంది. ఆ పొర పలుచగా ఉన్నంతవరకు అది మామూలే.

చిక్కు తయారీలోనూ వాడకంలోనూ వస్తుంది. ఫ్రాన్స్‌లో పీఐపీ కంపెనీ రొమ్ము ఇంప్లాంట్లలో వైద్యానికి అనుమతిలేని పారిశ్రామిక సిలికోన్ జెల్ నింపింది. 2010లో వాటిని మార్కెట్ నుంచి తీసేశారు. 2013లో వ్యవస్థాపకుడికి నాలుగేళ్ల జైలు శిక్ష పడింది. రియాటా అనే గుండె డీఫిబ్రిలేటర్ తీగల కథ వేరు. వాటిలో లోపం ఒరిపిడి. గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఆ కదలికకు లోపలి లోహపు తీగలు సిలికోన్ తొడుగును లోపలినుంచే అరగదీసి బయటికి వచ్చాయి. 2011లో అమెరికాలో రీకాల్ జరిగింది. అంతకు చాలా ముందే, 1960ల నాటి కృత్రిమ గుండె కవాటాల్లో సిలికోన్ బంతులు రక్తంలోని కొవ్వును పీల్చుకుని ఉబ్బాయి, పగిలాయి. అందుకే ‘సిలికోన్ సురక్షితమా’ అని ఊరికే అడిగితే జవాబు దొరకదు. ఏ సిలికోన్, ఒంట్లో ఎక్కడ, ఎన్నేళ్లపాటు అని అడగాలి.

పదార్థం కణాలను చంపుతుందా, అలర్జీ తెస్తుందా అన్న పరీక్షలకు ఐఎస్ఓ 10993 ప్రమాణాలున్నాయి. మన దేశంలో వైద్య పరికరాల నియమాలు 2018 జనవరి 1న అమల్లోకి వచ్చాయి. ఒరిపిడి వంటి లోపాలు మాత్రం ఏళ్లు గడిచాకే బయటపడతాయి. వాటిని నమోదు చేసేందుకు 2015లో మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం మొదలైంది. రీకాల్ వస్తే ఏ పరికరం ఎవరి ఒంట్లో ఉందో తేల్చేది రోగికి ఇచ్చే ఇంప్లాంట్ కార్డు మీది మోడల్, సీరియల్ నంబర్లే.