చక్రం మొరాయిస్తే...

కారుకి పంక్చరు పడింది. జాకీ పెట్టారు. నట్లన్నీ విప్పారు. తీరా చూస్తే చక్రం కదలనంటోంది! 'ఇది ఆడవాళ్ల వల్ల అయ్యే పనా?' అని పక్కనుంచి ఎవరో ఒకరు అననే అంటారు. నిజానికి ఇక్కడ కావలసింది కండబలం కాదు, కాస్త కిటుకు.

చక్రం మధ్యలో ఉండే రంధ్రం హబ్ మీద బిగుతుగా కూర్చుంటుంది. ఆ సందులోకి వాననీరు చేరి తుప్పు పడితే రెండూ అతుక్కుపోతాయి. అల్లాయ్ చక్రాలకు ఈ బెడద మరీ ఎక్కువ. తడి తగిలితే ఇనుముని ఆనుకున్న అల్యూమినియం త్వరగా దెబ్బతిని, ఆ తెల్లపొడి సందంతా పట్టేస్తుంది.

ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ వాసులకు ఇంకో చిక్కుంది. ఇవి గుట్టల మీద వెలసిన కాలనీలు. రామానాయుడు స్టూడియోకి ఎక్కే దారి చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. రాత్రి కాల్షీటు ముగించుకుని వస్తుంటే పంక్చరు పడిందనుకోండి, ఆ వాలులో జాకీ పెట్టకండి. కారు జారిపోతుంది. టైరు పాడైనా సరే, మెల్లగా చదునైన చోటికి తీసుకెళ్లండి.

ఇలా చేయండి

* చున్నీ, కొంగు దోపుకోండి. హ్యాండ్ బ్రేకు వేసి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టండి.

* కారు లేపకముందే నట్లు కాస్త వదులు చేయండి. లేపాక విప్పి, చక్రం రాకపోతే మళ్లీ రెండు మూడు చుట్లు తిప్పి వదులుగా ఉంచండి. చక్రం హఠాత్తుగా ఊడినా మీద పడదు.

* టైరు రబ్బరు మీద ఎడమకోసారి, కుడికోసారి మడమతో తట్టండి. కారు ఊగేలా తన్నొద్దు. కారు కిందికి చెయ్యీ కాలూ పోనివ్వద్దు. అల్లాయ్ చక్రాన్ని ఇనప సుత్తితో కొడితే పగులుతుంది.

* అప్పటికీ రాకపోతే నట్లన్నీ చేత్తో బిగించి, ఒక్క చుట్టు వదలండి. కారు దించి, జాకీ, రాళ్లు తీసేసి, ముందుకీ వెనక్కీ ఒక్క అడుగు మాత్రం కదిపి బ్రేకు వేయండి. కారు బరువే తుప్పు పట్టు విడగొడుతుంది. మళ్లీ రాళ్లు పెట్టి, జాకీతో లేపండి.

* తుప్పు వదిలించే నూనె వాడితే హబ్ అంచున మాత్రమే వేయండి. బ్రేకు మీద పడితే ప్రమాదం.

చక్రం వచ్చాక హబ్ మీది తుప్పుని ఇనప బ్రష్‌తో గీకేయండి. హబ్ అంచుకి పల్చగా గ్రీజు రాయవచ్చు. నట్లకు మాత్రం వద్దు. కొత్త చక్రం పెట్టి, ఎదురెదురు నట్లు వరస మార్చి బిగించండి. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మరోసారి సరిచూడండి.

ఇదంతా మొదటిసారి నడిరోడ్డు మీద ఎందుకు? ఓ ఆదివారం పగటిపూట, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఒక్కో చక్రం విప్పి చూసుకోండి. అక్కడ రాకపోతే మెకానిక్కుని పిలిపించుకోవచ్చు. అర్ధరాత్రి ఆ గుట్ట మీద ఎవరిని పిలుస్తారు?