తొలివలపు నవలలు – చదువుటలోని రుచి

"మా అమ్మాయికి పదునారేండ్లు. ప్రేమ నవలలు తప్ప మరేమియు చదువదు. చదువనీయవచ్చునా, మాన్పింపవలయునా?"

ఇట్టి ప్రశ్నను తల్లిదండ్రులనుండి మేము తరచుగా వినుచుందుము. నవల పుట్టిన నాటినుండియు ఈ భయము దాని వెన్నంటియే యున్నది. అవునని కాని కాదని కాని ఒక్క మాటలో బదులు చెప్పుటకు ముందు, ఆ పుస్తకములలో నిజముగా నేమున్నదో, వానిని చదువు బాలికలు దేనికొరకు చదువుచున్నారో విచారింపవలసి యున్నది. బయటినుండి చూచువారు అందులో వలపు తప్ప మరేమియు లేదని తలంతురు. మేము చదివినంతవరకు, ఈ తరగతిలో మేలైన నవలలు నాయకుడు దక్కునా దక్కడా యను కుతూహలముపై ఎక్కువగా ఆధారపడవు. తానెవరో తనకే యింకను తెలియని ఒక బాలిక మరియొకరి కంటియెదుట నిలిచి, మొదటిసారిగా తన్ను తాను చూచుకొనుటయే వాని కథ. వలపు ఆ చూపునకు నెపము.

కౌమారమును ఒక ప్రత్యేక దశగా ఎంచుట పాశ్చాత్య దేశములలో గూడ అంత ప్రాచీనమైన విషయము కాదు. పూర్వము పదునాలుగు, పదునైదేండ్లు వచ్చిన పిల్లలలో అనేకులు పొలమునకో కర్మాగారమునకో పోయెడివారు. అమెరికాలో 1930 తరువాత ఉద్యోగములు దొరకక కొంత, 1938లో బాలకార్మికులను గూర్చి వచ్చిన చట్టమువలన కొంత, ఆ వయస్సువారిలో అధికసంఖ్యాకులు హైస్కూలులోనే నిలిచిపోయిరి. ఈడువారందరును ఒకచోట చేరినందున వారికి ప్రత్యేకమైన వేషభాషలు, మర్యాదలు, బిడియములు ఏర్పడినవి. 1944లో వారికొరకే 'సెవెన్టీన్' అను మాసపత్రిక వెలువడినది. వీరిని పిల్లల గదిలో కూర్చుండబెట్టవలయునా, పెద్దల గదిలోనికి పంపవలయునా యని తర్జనభర్జనలు పడిన గ్రంథాలయములవారు 1957లో తమ అమెరికా గ్రంథాలయ సంఘమున యువ పాఠకులకై ప్రత్యేక విభాగము నేర్పరచుకొనిరి. నవల మాత్రము వీరందరికంటె ముందే వచ్చినది.

దాని పేరు 'సెవెన్టీన్త్ సమ్మర్', అనగా పదునేడవ వేసవి. రచయిత్రి మౌరీన్ డాలీ 1921లో ఐర్లండులో పుట్టి, బాల్యముననే అమెరికా చేరి, విస్కాన్సిన్ రాష్ట్రములోని ఫాండ్ డు లాక్ అను పట్టణమున పెరిగినది. కళాశాలలో చదువుచుండగనే ఈ నవల వ్రాసినది. 1942లో అది అచ్చయినప్పుడు ఆమె వయస్సు 21 ఏండ్లు. ప్రకాశకులు దానిని పెద్దల నవలగానే ప్రకటించిరి. బాలికలు దానిని తమదిగా చేసికొనిరి.

కథ చెప్పుటకు రెండు వాక్యములు చాలును. హైస్కూలు ముగించిన ఆంజీ మారో అను బాలికకు, బాస్కెట్‌బాల్ ఆటలో పేరుపొందిన జాక్ డులూత్ అను రొట్టెల దుకాణమువారి చిన్నవానితో జూన్ మాసమున పరిచయము కలుగును. వేసవి ముగియునప్పటికి ఆమె చికాగో కళాశాలకును, అతడు ఓక్లహోమాలో బేకరీ పనికిని వెడలిపోవుదురు. ఇంతే. పడవలో సరస్సుపై విహారము, పెరటిలో పండుచున్న టమాటాలు, మ్రోగవలసిన టెలిఫోను మ్రోగక గడచిన సాయంకాలము, వీనితోనే పుస్తకమంతయు నిండియున్నది. తొందరపడి చదువువారికి ఇందులో ఏమియు దొరకదు. వేసవి ఎట్లు నెమ్మదిగా ఎక్కి నెమ్మదిగా దిగునో అట్లే చదువవలసిన పుస్తకమిది.

ఒక ఘట్టము చూడుడు. జాక్ ఆంజీ యింటికి విందుకు వచ్చును. ఆమె యింటివారు భోజనపు బల్ల మర్యాదలయందు కొంత పట్టింపు గలవారు. జాక్ తినుచుండగా అతని చెంచా పండ్లకు తగిలి చప్పుడగును. ఘోరమేమియు జరుగలేదు. కాని ఆంజీకి ఆ చిన్న చప్పుడు ప్రాణము తీసినంత పని చేయును. నిన్నటివరకు పట్టణములోని బాలికలందరును తన్ను చూచి అసూయపడునట్లు చేసిన యువకుడు, ఇంటిలో తన తల్లియెదుట, బేకరీవారి పిల్లవాడుగా కనబడును. చదువుచున్న మనకు ఆమెపై కోపము వచ్చును. వెంటనే మన యింటికి వచ్చిన చుట్టమెవరినో మనమును ఇట్లే చూచిన దినము జ్ఞాపకమునకు వచ్చి ఆ కోపము చల్లారును. ఆంజీ ఆ రాత్రి తెలిసికొనినది జాక్‌ను గూర్చి కాదు. తన యింటిని గూర్చి, తనలో నాటుకొనియున్న ఆ యింటి కొలతలను గూర్చి. వేయి ప్రేమలేఖలు చేయలేని పనిని ఇక్కడ ఒక చెంచా చేసినది.

ఆంజీ ప్రక్కన ఆమె అక్క లొరైన్ కథ నీడవలె నడచుచుండును. తనకంటె పెద్దవాడైన ఒకనిని నమ్ముకొని, అతడు పిలిచినప్పుడు ఉప్పొంగి, పిలువనప్పుడు కృంగి, చివరకు నిరాశ పొందును. రచయిత్రి ఎచ్చటను ఉపదేశము చేయలేదు. అక్కను చూచుచున్న చెల్లెలి కండ్లే చాలినవి. పెండ్లి మాట జాక్ నోట వచ్చును. ఆంజీ అతనిని ప్రేమించుచునే కళాశాలకు పోవు రైలెక్కును. 1942లో ఒక ప్రేమకథ ఇట్లు ముగియుట సామాన్యమైన విషయము కాదు. పుస్తకమునకు దోషములు లేకపోలేదు. వర్ణనలు అచ్చటచ్చట తీపి మించినవి. అచ్చయిన నాటికి దేశము యుద్ధములో నున్నను, ఆ పట్టణములో యుద్ధపు జాడ దాదాపు కానరాదు. అయినను పదునేడేండ్ల మనస్సునకు లోకమంతయు ఒక వీధి మేరకు కుంచించుకొనిపోవుట సత్యమే కదా యని మేము సరిపెట్టుకొంటిమి.

ఆ వయస్సు దాటీదాటని యువతి వ్రాసిన పుస్తకమిది. దానిని ముప్పది యేండ్లకు పైగా వెనుకకు తిరిగి చూచి వ్రాసిన పుస్తకము మరియొకటి కలదు. డోడీ స్మిత్ అను ఆంగ్ల నాటకకర్త్రి 1948లో ప్రకటించిన 'ఐ క్యాప్చర్ ది కాజిల్' అప్పటికి ఆమెకు 52 ఏండ్లు. యుద్ధకాలమున అమెరికాలో నివసించుచు, స్వదేశముపై బెంగతో ఆమె దానిని వ్రాసినది. ఆ బెంగ పుస్తకమంతటను సువాసనవలె వ్యాపించియున్నది.

ఇంగ్లండులోని సఫక్ ప్రాంతమున ఒక శిథిలమైన కోటలో కాపురమున్న పేద కుటుంబము. తండ్రి మార్ట్‌మెయిన్ ఒక గొప్ప పుస్తకము వ్రాసి, తరువాత ఏండ్ల తరబడి కలము కదపనివాడు. రెండవ కుమార్తె కసాండ్రాకు 17 ఏండ్లు. వంటయింటిలో పాత్రలు కడుగు తొట్టిలో కాళ్లుపెట్టుకొని కూర్చుండి ఆమె దినచర్య వ్రాయ మొదలిడును. మొదటి భాగము ఆరు పెన్సుల పుస్తకము, రెండవది షిల్లింగు పుస్తకము, మూడవది రెండు గినీల పుస్తకము. కుటుంబము స్థితి కొంచెము కొంచెముగా బాగుపడిన కొలది కాగితము వెల పెరుగుచున్నది. కసాండ్రా మనస్సులోని సుఖము మాత్రము ఆ లెక్కన పెరుగలేదు. ఈ చమత్కారమును రచయిత్రి మనకు ఎత్తిచూపదు, మనమే కనుగొనవలయును.

అమెరికానుండి ధనవంతులైన సోదరులిద్దరు, సైమన్, నీల్ అనువారు, పొరుగున దిగుదురు. అక్క రోజ్ పేదరికమునకు విసిగి సైమన్‌ను పెండ్లాడ నిశ్చయించుకొనును. ఆ సైమన్‌పైననే కసాండ్రాకు మనసగును. మరొకవైపు, తమ యింటనే పెరిగిన స్టీఫెన్ తన్ను ఆరాధించుచున్నాడని ఆమెకు తెలియును. ఇట్టి చిక్కును చులకన రచయితలు రెండు ప్రకరణములలో విప్పివేయుదురు. ఇచ్చట రోజ్ నీల్‌తో వెడలిపోయిన తరువాత, సైమన్ పెండ్లి మాట ఎత్తనున్న తరుణమున, కసాండ్రా దానిని తానే తప్పించును. అతని మనస్సు ఇంకను అక్కవైపుననే యున్నదని ఆమె గ్రహించినది. తాను మిక్కిలి కోరిన వస్తువు చేతికందినప్పుడు, అది తాను కోరిన రూపములో లేదని గుర్తించి చేయి వెనుకకు తీసికొనుటకు ఎంత ధైర్యము కావలయును! ఆ పని చేసినది 17 ఏండ్ల బాలిక యని తలంచినప్పుడు ఈ నవలలను 'పిల్లల చదువు' అని త్రోసివేయువారిపై మాకు జాలి కలుగును.

ఇంత బరువు వలదనువారికి బెవర్లీ క్లియరీ 1956లో వ్రాసిన 'ఫిఫ్టీన్' ఉన్నది. జేన్ పర్డీ అను 15 ఏండ్ల బాలిక ఒక పెంకి పిల్లను కాచుకొనుచు అవస్థ పడుచుండగా, కుక్కలకు మాంసము పంచుటకు వచ్చిన స్టాన్ ఆమెను గట్టెక్కించును. కుక్కల మాంసపు బండితో ప్రవేశించు నాయకుడు ఏ ప్రబంధములోను లేడు! తరగతిలోని ఒక సొగసుకత్తెవలె కావలయునని జేన్ పడు పాట్లు, చివరకు తానుగా నుండుటయే సుఖమని తెలిసికొనుట, ఇదియంతయు నవ్వు పుట్టించుచునే సాగును. క్లియరీ గ్రంథాలయములో పనిచేసిన మనిషి. పిల్లలు ఏ పుస్తకమును అడుగుదురో, దేనిని తిరిగి బల్లపై పడవేయుదురో బాగుగా ఎరిగినది. ఆమె 2021లో 104 ఏండ్ల వయస్సున మరణించినది.

తరువాతి కాలమున ఈ శాఖ బహుముఖముల విస్తరించినది. జూడీ బ్లూమ్ 1975లో వ్రాసిన 'ఫరెవర్', ప్రేమించిన బాలికకు కథలో ఏదో శిక్ష తప్పదను పాత ఆనవాయితీని త్రోసిరాజనినది. అందువలన అనేక పాఠశాలల గ్రంథాలయములనుండి తొలగింపబడినది గూడ. 1983లో మొదలైన 'స్వీట్ వ్యాలీ హై' వరుసలో అందగత్తెలైన కవల సోదరీమణులు పుస్తకము వెంట పుస్తకముగా నడచిపోవుదురు. వారి బుద్ధి పెద్దగా ఎదిగినట్లు మాకు తోచలేదు. 2014లో జెనీ హాన్ వ్రాసిన 'టు ఆల్ ది బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్' 2018లో చలనచిత్రముగా వచ్చి మన దేశములోను అనేకులకు పరిచితమైనది. కొరియా సంతతి తల్లిని కోల్పోయిన ముగ్గురు అక్కచెల్లెండ్రలో నడిమిది లారా జీన్. ఎవరికిని చూపక దాచుకొనిన ఆమె ఉత్తరములు ఎట్లో టపాలో పడును. అక్క పేరు మార్గో, చెల్లెలి పేరు కిట్టీ. డాలీ నవలలో ఆంజీ పెద్దక్క మార్గరెట్. చిన్న చెల్లెలు కిట్టీయే. ఇది కాకతాళీయమే కావచ్చును గాని, 72 ఏండ్ల ఎడము గల రెండు పుస్తకములలో తొలివలపు తోబుట్టువుల నడుమనే పెరుగుట మాకు ముచ్చట గొలిపినది.

మన పాఠకులకు ఇచ్చట యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ' స్ఫురింపవచ్చును. అట్టి నవలలను అద్దె పుస్తకముల దుకాణమునుండి తెచ్చుకొని చదివిన తరము మన యిండ్లలోనే యున్నది. కాని అందలి జయంతి ఉద్యోగము చేయు యువతి. రాజశేఖరముతో ఆమెకు గల పోరు అభిమానమునకు సంబంధించినది. మేము చెప్పుచున్న శాఖ అంతకు కొన్ని యేండ్లు ముందరి వయస్సును పట్టుకొనినది. ఆ వయస్సున అభిమానమునకు ఇంకను ఆకారము రాదు.

ఇక తల్లిదండ్రుల ప్రశ్న. చదువనీయుడని మా సలహా. లాగుకొనినచో పాఠ్యపుస్తకము చాటున చదువుదురు. చాటున దొరకునవి సాధారణముగా నాసిరకపువి. మంచిదేదో తెలిసికొనుటకు మేము ఒక చిన్న పరీక్ష పెట్టుకొన్నాము. నాయకుడు కనబడని పుటలలో ఆ బాలిక ఏమి చేయుచున్నది? ఆమెకు ఒక చెల్లెలు, ఒక పరీక్ష, ఇంటిలో ఒక పని, తనదైన ఒక ఆలోచన ఉన్నదా? ఆంజీకి పెరటి పనియు అక్కల కథలును గలవు. కసాండ్రాకు దినచర్య గలదు. అతడు లేనప్పుడు అద్దము ముందు కూర్చుండుట తప్ప మరేమియు ఎరుగని నాయిక గల పుస్తకమును మరల అల్మారాలో పెట్టవచ్చును. చదివిన పిమ్మట 'ముగింపు ఏమైనది?' అని అమ్మాయిని అడుగకుడు. 'ఆ చెంచా సంగతి నీకేమి తోచినది?' అని అడిగి చూడుడు. తమను గూర్చి సూటిగా చెప్పుకొనలేని పిల్లలు ఆంజీని గూర్చి గంటసేపు మాటాడుదురు; వినువారికి చెవులున్నచో ఆ మాటలలో ఏది ఆంజీదో ఏది తమ బిడ్డదో తెలిసిపోవును. బాలురు చదువరాదా? చదువవచ్చును. టెలిఫోను మ్రోగనప్పుడు అవతలివైపు ఏమి జరుగునో వారికి తెలియుట మంచిదే.

పదునైదు నిండని వారికి క్లియరీతో మొదలిడుట మేలు. డాలీని సెలవులకు ఉంచుకొనుడు. డోడీ స్మిత్‌ను తల్లియు కూతురును కలిసి చదువదగును. తండ్రులు గూడ ఆ పుస్తకమును ఒకసారి తిరుగవేయుదురు గాక. అందులో ఏండ్ల తరబడి ఏమియు వ్రాయక కాలము పుచ్చుచున్న ఆ మార్ట్‌మెయిన్‌ను, కసాండ్రాయు ఆమె తమ్ముడును కలిసి ఉపాయముగా బురుజులోనికి రప్పించి, వ్రాసినగాని విడువమని తాళము వేసిరి. అతడు వ్రాసెను.