పొట్లమై తిరిగివచ్చిన కొఱ్ఱలు

కర్నూలు, కడప పట్టణములలోని అంగళ్లలో నేడు కొఱ్ఱలు మెఱుగు పొట్లములలో అమ్ముడుపోవుచున్నవి. కొఱ్ఱబియ్యము, కొఱ్ఱరవ్వ, కొఱ్ఱ అటుకులు, కొఱ్ఱ బిస్కత్తులు మొదలైనవి వరుసగా పేర్చబడియున్నవి. పొట్లముపై ముద్రించిన చిరునామా తఱచుగా ఏదో ఒక మహానగరమునకు సంబంధించినదై యుండును. లోపలి గింజ మాత్రము నంద్యాల నల్లరేగడిలోనో, జమ్మలమడుగు మెట్టచేలలోనో పండినదై యుండవచ్చును. గోనెసంచిలో ఊరు విడిచిన ధాన్యము పొట్లమై యింటికి మరలివచ్చుచున్నది. ఈ రాకపోకలలో లాభ మెవ్వరిది?

సీమకు కొఱ్ఱ క్రొత్తది కాదు. కొఱ్ఱన్నము, జొన్నరొట్టె, రాగిసంకటి మన పెద్దలను కఱవులలో బ్రతికించిన కూడు. స్వల్పవర్షముతో 80, 90 దినములలో చేతికి వచ్చు పంట యిది. 1906లో స్థాపితమైన నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానము సూర్యనంది మొదలగు మేలైన కొఱ్ఱ వంగడములను రైతుల కందించినది. అయినను కాలక్రమమున వరియన్నము గౌరవచిహ్నమై, కొఱ్ఱన్నము పేదకూడుగా ఎంచబడినది. 19వ శతాబ్దిలో త్రవ్విన కర్నూలు-కడప కాలువ కొన్ని గ్రామములకు వరిని చేర్చినది. 1983లో ప్రారంభమైన కిలో రెండు రూపాయల బియ్యపు పథకము మెట్టగ్రామములకు సైతము వరియన్నమును కొనిపోయినది. ఆకలి తీర్చిన ఆ పథకమును మేము నిందింపము. కాని అది నేర్పిన పాఠ మొకటి కలదు. ప్రభుత్వము దేనిని కొని పంచునో ప్రజలు దానికే అలవాటు పడుదురు.

ఇపుడు గాలి మరలినది. భారత ప్రభుత్వము 2018లో చిరుధాన్యములకు పోషకధాన్యములని పేరిడినది. మన దేశము ప్రతిపాదింపగా ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించినది. కడప జిల్లా ప్రొద్దుటూరున జన్మించిన డాక్టరు ఖాదర్ వలీ ప్రచారమువలన కొఱ్ఱ, అరిక, సామ, ఊద, అండుకొఱ్ఱల పేళ్లు నగరవాసుల నోళ్లలో నానుచున్నవి. సర్వరోగములకు ఇవియే మందను మాటను మేము సమర్థింపము. తగినంత పీచుగల మంచి ఆహారమనుట చాలును. మఱియు కొఱ్ఱ పేరు పైన వ్రాసి, లోపల మైదాయు చక్కెరయు నింపిన తినుబండారములు లేకపోలేదు. కొనువారు పొట్లము వెనుకనున్న చిన్న అక్షరములను చదువవలెను.

పొలమునుండి పొట్లము వఱకు దారి దీర్ఘమైనది. కొఱ్ఱ పైపొట్టు తినదగినది కాదు. రాళ్లు వేఱుచేసి, పొట్టు తీసి, నూకలు జల్లించి, తేమ చేరకుండ కట్టవలెను. పిండి చేసినచో అందలి కొవ్వువలన త్వరలో ముక్కవాసన వచ్చును. తేమ, చెత్త, పాడైన గింజ ఎంతకు మించరాదో నిర్ణయించుచు 15 విధముల చిరుధాన్యములకు జాతీయ ఆహార ప్రమాణములు 2023 సెప్టెంబరు 1 నుండి అమలులోనికి వచ్చినవి. పన్ను సంగతి యిది: 2022 జులై 18 నుండి 25 కిలోల వఱకు పేరు ముద్రించి కట్టిన ధాన్యపు సంచులపై 5 శాతము పన్ను విధింపబడినది. యంత్రమును, ప్రమాణమును, పన్నును భరింపగలవాడు వ్యాపారి. రైతు కళ్లములోనే అమ్ముకొని పోవుచున్నాడు. కేంద్రప్రభుత్వపు మద్దతుధరల పట్టికలో జొన్న, సజ్జ, రాగులు కలవు, కొఱ్ఱ లేదు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి యను సామెత కింతకన్న దృష్టాంత మేమి కావలెను?

నగరపు గిరాకీని మాత్రమే నమ్మి విత్తుట క్షేమము కాదని మా యభిప్రాయము. నేడు కొఱ్ఱను మెచ్చిన నగరము రేపు మఱియొకదానిని మెచ్చును. అపుడు కొట్లలో మిగిలిన గింజలకు జవాబుదారి యెవ్వడు? సంస్థల గిరాకీ అట్టిది కాదు. పాఠశాలకు, వసతిగృహమునకు, అంగన్‌వాడీకి, ఆసుపత్రికి కావలసిన తిండిని ఏడాది ముందుగా లెక్కకట్టవచ్చును. ఒడిషా ప్రభుత్వము 2017లో చిరుధాన్య పథకమును ఆరంభించి, గిరిజన రైతులనుండి రాగులను మద్దతుధరకు కొని పంచినది. కొన్నిచోట్ల అంగన్‌వాడీ బాలలకు రాగిలడ్డు పెట్టినది. మన రాష్ట్రమందును 2023 మార్చిలో ప్రభుత్వ పాఠశాలలలో వారమునకు మూడు దినములు రాగిజావ యిచ్చుట మొదలైనది. 2013 నాటి ఆహారభద్రతా చట్టము బియ్యము, గోధుమలతోపాటు ముతకధాన్యములను గూడ పంచుటకు అనుమతించుచున్నది. కొఱ్ఱకు అడ్డము చట్టము కాదు.

అడ్డంకులు లేవని మేము చెప్పము. కొఱ్ఱబియ్యము వరిబియ్యముకన్న ప్రియము. వండువారికి క్రొత్త కొలతలు నేర్పవలెను. పిల్లల నాలుకకు మెల్లగా అలవాటు చేయవలెను. అన్నిటికన్న పెద్ద చిక్కు గుత్తపద్ధతి. జిల్లా మొత్తమునకు ఒక్క గుత్త పిలిచినచో పెద్ద వర్తకుడే నిలుచును. చిన్న రైతుసంఘము వాకిటినుండియే మరలిపోవును. వారమునకు ఒక్క పూటతో ఆరంభించి, మండలమునకు వేఱువేఱుగా సరకు కొని, నెల తిరుగకముందే సొమ్ము చెల్లించినచో మన గ్రామముల రైతుసంఘములు నిలువగలవు. ఆ నమ్మకముతో పొట్టుతీయు యంత్రమును నిలుపుకొనగలవు. యంత్రము మన యూర నున్ననాడు కూలి మన యూరనే నిలుచును. నూక కోళ్లకు దాణా యగును. ఇంటిగిరాకీ తీరిన పిమ్మట మిగిలినది పొట్లములలో దేశమంతటికి పోవచ్చును.

భూస్వాములైన పాఠకులకు మా మనవి యొక్కటే. ధర వినికిడిని బట్టి గాక, కొనువాని మాట పుచ్చుకొని విత్తుడు. ఒంటరిగా గాక సంఘముగా అమ్ముడు. పట్టణవాసులు తమ పిల్లలు చదువు పాఠశాలలో, తాము చందా లిచ్చు వసతిగృహములో ఏ ధాన్యము వండుచున్నారో విచారింపుడు. నగరము మెచ్చిన పిదప మన కూటిని మనమే అధిక మూల్యమునకు తిరిగి కొనుట గౌరవము కాదు. పొట్లముపై నంద్యాల, జమ్మలమడుగు పేళ్లు కూడ చదువగల దినము రావలెను.