ఫైలు నిమిషాల్లో, కాగితం ఓడలో: గోల్ ఘర్ దుకాణదారుడి ప్రింటింగ్ లెక్క

గోల్ ఘర్‌లో చిన్న ట్రావెల్ ఏజెన్సీ నడిపేవారికైనా, ఇంట్లో పచ్చళ్లు పెట్టి ప్యాకెట్లలో అమ్ముకునే కుటుంబానికైనా అచ్చు పని పడిందంటే రెండే దారులు. ఊళ్లో ఉన్న ప్రెస్‌లోనో, డిజిటల్ ప్రింట్ సెంటర్‌లోనో వేయించుకోవచ్చు. లేదా చెన్నైకో, శివకాశికో, విశాఖకో ఫైలు పంపి సరుకును ఓడలో తెప్పించుకోవచ్చు. రెండో దారిలో కాపీకి పడే ధర చూడగానే తక్కువ అనిపిస్తుంది. నిజంగా తక్కువేనా అన్నది ప్రెస్ వాళ్లు ఇచ్చే కొటేషన్‌లో కనిపించదు.

2020 ఆగస్టు 10న చెన్నై-పోర్ట్ బ్లెయిర్ సముద్రగర్భ కేబుల్ ప్రారంభమయ్యాక అండమాన్ నుంచి బరువైన పీడీఎఫ్ పంపడం పెద్ద సమస్య కాదు. 2,300 కిలోమీటర్ల ఆ కేబుల్ మీద ఫైలు నిమిషాల్లో వెళ్తుంది. కాగితానికి మాత్రం కేబుల్ లేదు. ప్రయాణికుల ఓడకే చెన్నై నుంచి దాదాపు మూడు రోజులు పడుతుంది. సరుకు విషయంలో ఓడ కోసం ఎదురుచూపు, లోడింగ్, వాతావరణం అన్నీ కలిస్తే ఆ రోజులు వారాలవుతాయి. హైదరాబాద్‌లో పాంప్లెట్‌లో ఫోన్ నంబరు తప్పు పడితే మర్నాడు మళ్లీ వేయించుకుంటారు. ఇక్కడ అదే తప్పు ఒక టూరిస్టు సీజన్‌లో సగాన్ని తినేయగలదు. అందుకే ద్వీపంలో ప్రింటింగ్ ఖర్చును తేల్చేది మిషన్ కాదు, ఫైలు పంపే ముందు గడిపే రెండు రోజులు.

ఎక్కడ వేయించాలి

ఆఫ్‌సెట్‌లో మొదటి కాపీ రాకముందే కొంత ఖర్చయిపోతుంది. మల్టీకలర్ పనికి నాలుగు ప్లేట్లు కావాలి, మిషన్ సర్దాలి, సర్దేటప్పుడు కొన్ని షీట్లు వృథా అవుతాయి. లెక్క కోసం దీన్ని 2,000 రూపాయలు అనుకుందాం. వంద కాపీలే వేస్తే కాపీకి 20 రూపాయలు ఇక్కడే పోయాయి. రెండు వేలు వేస్తే ఒక్క రూపాయే. డిజిటల్‌లో ప్లేట్లు ఉండవు కనుక పదో కాపీ అయినా, వెయ్యో కాపీ అయినా దాదాపు ఒకే ధర. కొన్ని వందల వరకు డిజిటల్, వేలల్లో అయితే ఆఫ్‌సెట్ అన్న మాట ఇందువల్లే వచ్చింది.

ద్వీపంలో దీనికి బరువు కలపాలి. 130 జీఎస్ఎం ఆర్ట్ పేపర్‌పై ఒక ఏ4 కాగితం 8 గ్రాములకు కాస్త పైన తూగుతుంది. అయిదు వేల పాంప్లెట్లు అంటే 40 కిలోలు. అదే 90 జీఎస్ఎం మీద వేస్తే 28 కిలోలు. చేతికి ఇచ్చి పంపే కరపత్రానికి ఆ 12 కిలోల హుందాతనం అవసరమా అని రవాణా బిల్లు రాకముందే అడగడం మేలు. విజిటింగ్ కార్డులు, మెనూ కార్డులు, తరచూ ధరలు మారే ప్యాకేజీ షీట్లు ఊళ్లోనే కొద్దికొద్దిగా వేయించుకోవాలి. క్యాలెండర్లు, లేబుళ్లు, బిల్ బుక్కులు వేలల్లో కావాలి, ఏడాదంతా మారవు. అవి బయట నుంచి తెప్పించుకోవచ్చు. క్యాలెండర్ల ఆర్డరు నవంబరు చివరికి వాయిదా వేసిన వ్యాపారికి అవి సంక్రాంతి దాటాక అందినా ఆశ్చర్యం లేదు.

ఏడాదంతా మారవు అన్నదానికీ ఇక్కడ ఒక మినహాయింపు ఉంది. 2018 డిసెంబరు 30న హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్ అయ్యాయి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మారుస్తున్నట్టు కేంద్రం ప్రకటించింది. అయిదేళ్లకు సరిపడా లెటర్‌హెడ్లు, మ్యాపుతో కూడిన బ్రోచర్లు చౌకగా వస్తున్నాయని వేయించి పెట్టుకున్నవారి పని ఏమైందో ఊహించుకోవచ్చు.

షీటు కొలత ముందు, డిజైన్ తర్వాత

డిజైనర్లు ఎక్కువగా పట్టించుకోని విషయం ఇది. కంప్యూటర్‌లో ఏ4 పేజీ తెరిచి పని మొదలుపెడతారు. ప్రెస్‌లో కాగితం 18×23 అంగుళాల డెమీ షీటు కావచ్చు. దాన్ని నాలుగు చేస్తే ఒక్కో ముక్క 9×11.5 అంగుళాలు. ఏ4 పొడవు 11.69 అంగుళాలు. అంటే అంగుళంలో అయిదో వంతు కోసం షీటుకు నాలుగు కాపీలు రావాల్సిన చోట రావు. డిజైన్ పొడవును 11 అంగుళాలకు తగ్గిస్తే నాలుగూ వస్తాయి. లేదంటే 18×25 షీటు ఉందేమో అడగాలి. 'మీ మిషన్ మీద ఏ సైజు షీటు వేస్తారు' అని డిజైన్‌కు ముందు చేసే ఒక్క ఫోన్ కాల్ కాగితం ఖర్చును గణనీయంగా తగ్గిస్తుంది.

అంచుదాకా రంగు ఉంటే చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ వదలాలి. అక్షరాలు కట్ లైనుకు కనీసం 4, 5 మిల్లీమీటర్లు లోపల ఉండాలి. ఫోటో అచ్చయ్యే సైజులో 300 డీపీఐ ఉండాలి. 1,600 పిక్సెళ్ల ఫోటో ఆ లెక్కన అయిదున్నర అంగుళాల లోపే నిలుస్తుంది. వాట్సాప్‌లో ఫోటోలా పంపితే సైజు తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి.

రంగు విషయంలో అండమాన్ వ్యాపారులకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. వాళ్లు అమ్మేదే సముద్రం రంగు. రాధానగర్ బీచ్ నీళ్లు ఫోన్ తెరపై మెరిసినట్టు నాలుగు సిరాల్లో మెరవవు. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం మీద సిరా వెలుగును మింగుతుంది. కొన్ని నీలి-ఆకుపచ్చలు సీఎంవైకే పరిధిలోనే ఉండవు. డిజైనర్ మొదటే సీఎంవైకేలోకి మార్చి, ఆ చప్పబడిన రూపాన్నే కస్టమర్‌కు చూపి ఒప్పించాలి. నీలంలో సయాన్, మెజెంటా దగ్గరదగ్గరగా ఉంటే అచ్చులో ఊదారంగు వస్తుంది. మెజెంటాను సయాన్ కంటే 30 పాయింట్లయినా తక్కువ ఉంచడం పాత ప్రెస్ అలవాటు.

ఒత్తు ఊడితే చూసేవారెవరు

2011 జనగణన ప్రకారం ద్వీపాల జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. పెళ్లి శుభలేఖలు, గుడి ఉత్సవాల కరపత్రాలు, సంఘాల ఆహ్వానాలు తెలుగులో కావాలి. ఈ ఫైలు శివకాశికో, చెన్నైకో వెళ్లినప్పుడు మిషన్ దగ్గర ఉండే మనిషికి తెలుగు రాకపోవచ్చు. 'ప్ర'లో క్రారవడి విడిపోయి పక్కన పడినా, 'క్ష' రెండు ముక్కలైనా ఆయనకు అది డిజైన్‌లాగే కనిపిస్తుంది.

అను ఫాంట్లతో టైపు చేసిన ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తాయి. యూనికోడ్ తెలుగును పాత పేజ్‌మేకర్ అర్థం చేసుకోదు. ఇన్‌డిజైన్‌లో అయితే పేరాగ్రాఫ్ సెట్టింగ్స్‌లో వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోకపోతే ఒత్తులు, గుణింతాలు చెదిరిపోతాయి. కాబట్టి అసలు ఫైలును దిద్దుకోడానికి వీలుగా దాచుకుని, ప్రెస్‌కు పంపే కాపీలో అక్షరాలను ఔట్‌లైన్లుగా మార్చాలి. మార్చిన తర్వాత వచ్చిన పీడీఎఫ్‌ను, మార్చకముందుది కాదు, తెలుగు చదవగలిగిన మరో మనిషి కాగితం మీద చదవాలి. డిజైన్ చేసినవారి కళ్లు తప్పును దాటి వెళ్లిపోతాయి.

చిన్న సైజు తెలుగును ముదురు రంగు మీద తెల్లగా వదిలితే ఒత్తుల సందులు సిరాతో పూడుకుపోతాయి. నల్ల అక్షరాలకు నల్ల సిరా ఒక్కటే వాడాలి. నాలుగు రంగులు కలిపిన నలుపులో ప్లేటు వెంట్రుకవాసి జరిగినా అక్షరానికి నీడ పడుతుంది.

ఉప్పుగాలి, తేమ

రెండు రుతుపవనాలూ తడిపే ఊళ్లో కాగితం గాలిలోని తేమను పీల్చి వంకర తిరుగుతుంది. రీమును చుట్టిన కవరు వాడే రోజువరకు విప్పకూడదు. ఒకవైపే లామినేషన్ చేసిన కార్డు చుట్టుకుపోతుంది, ఎందుకంటే రెండోవైపు మాత్రమే తేమ పీలుస్తుంది. మెనూ కార్డులకు రెండువైపులా చేయించాలి. మందపాటి ఆర్ట్ కార్డును మడవాల్సి వస్తే ముందు క్రీజింగ్ తప్పదు, లేకుంటే మడత దగ్గర రంగు పగులుతుంది. క్యాలెండర్ టిన్ పట్టీ, పుస్తకం పిన్నులు ఉప్పుగాలికి తుప్పు పట్టి పేజీలకు మరకలు అంటిస్తాయి. ప్లాస్టిక్ స్పైరల్‌కు కొంచెం ఎక్కువ అడిగినా ఇవ్వవచ్చు.

ఫ్లెక్సీల విషయంలో 2022 జులై 1 నుంచి 100 మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్లపై దేశమంతటా నిషేధం ఉంది. శుభలేఖలకు చుట్టే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ కూడా అదే జాబితాలో ఉంది.

ఇక ప్యాకెట్ లేబుళ్లు. పచ్చడి సీసా మీద తెలుగు పేరు ఎంత అందంగా రాయించినా, ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం తప్పనిసరి వివరాలు ఇంగ్లిష్‌లోనో, దేవనాగరి లిపిలోని హిందీలోనో ఉండాలి. తెలుగు అదనం మాత్రమే. 14 అంకెల లైసెన్సు నంబరు, నికర బరువు, ఎంఆర్‌పీ, తయారీదారు చిరునామా, ఫిర్యాదులకు ఫోన్ నంబరు డిజైన్ మొదలవకముందే చేతిలో ఉండాలి. తేదీ, బ్యాచ్ నంబరు, ధర ఎప్పుడూ మారేవే. వాటికి ఖాళీ గడి వదిలి, తర్వాత స్టాంపు వేసుకోవడం తెలివైన పని. సిరా చెరిగిపోకుండా ఉండాలంటే ఆ గడిని మాత్రం లామినేషన్‌గానీ, వార్నిష్‌గానీ లేకుండా వదలమని ప్రెస్‌కు రాతపూర్వకంగా చెప్పాలి.